ముఖం చూడొద్దు, చెయ్యి చూడు

"తింటావా, తినవా?"

మూడోసారి అడిగినాను. సామూ గోడ వైపు తిరిగి కూర్చోనుండాడు. పళ్లెంలో కోడి పులుసు చల్లారి పైన తెట్టె కట్టింది. పొద్దున గుడికి వేసుకుపోయిన తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు. ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్ల మచ్చ ఎర్రగా మెరుస్తాంది.

"నిన్నే సామూ."

"నాయనా, ఆయమ్మను నాతో మాట్లాడొద్దని చెప్పు."

ఆయమ్మ. పద్దెనిమిదేండ్లు పెంచిన కొడుకు నన్ను ఆయమ్మ అన్నాడు, బస్సులో పక్క సీటులో కూర్చున్న మనిషిని అన్నట్టు.

వాళ్ల నాయన కోటు విప్పి చిలక్కొయ్యకు తగిలించినాడు. ఇరవై రెండేండ్లుగా బడిలో లెక్కలూ డ్రిల్లూ చెప్పి, సాయంత్రం పిల్లోళ్లకు క్రికెట్టు నేర్పే మనిషి. అబ్రహాము సారుకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతాది. ఇప్పుడు తగ్గింది.

"ఇంగ అడిగేదానికి ఏం మిగిలింది సువార్తా? మూడు వందల మంది ముందర చెప్పించొస్తివి. అన్నమొకటి మిగిలింది. అది కూడా అడుగు."

"నేను ప్రార్థనకని ఇచ్చినాను. చెప్పించేదానికి ఇయ్యలే."

"చీటీలో వాని పేరు రాసినావా, లేదా?"

"రాసినా."

"ఇంగేం రాసినావ్?"

ఏం రాసినానో ఆయనకు తెలుసు. సంఘమంతా విన్నారు.

'మా కుమారుడు సామ్యేలు క్రికెట్టు బంతిని చూసి భయపడి కండ్లు మూసుకొనుచున్నాడు. ఆ భయమును ప్రభువు తీసివేయునట్లు సంఘము ప్రార్థించవలెను. ఇట్లు, సువార్తమ్మ.'

నేను ఆరో తరగతి చదివినదాన్ని. రాసేది దేవుని సన్నిధికి గనక, బైబిల్లో ఎట్లుంటాదో అట్ల రాసినాను. గుడి వరండాలో ఒక రేకు డబ్బా ఉంటాది. మా ప్రార్థన చీటీలు అందులో వేస్తాము. గుడిలో వాక్యం చెప్పే మా అయ్యగారు వాటిని ముందే చదువుకొని, మడిచి జేబులో పెట్టుకొని, 'ఫలానా వారి కుమారుని కొరకు' అని మటుకు చెప్తాడు. ఈ ఆదివారం ఆయన పాములపాడు పక్క పల్లెలకు పోయినాడు. ఆయనకు బదులు నిలబడిన సంఘ పెద్దకు ఆ పద్ధతి తెలీదు. చీటీని మొదటి అక్షరం నుంచి నా పేరు దాకా చదివినాడు. 'కండ్లు మూసుకొనుచున్నాడు' అనేది రెండుసార్లు చదివినాడు.

వెనక బెంచీల్లో వయసు పిల్లోళ్లు కూర్చుంటారు. వాళ్లలో నలుగురు సామూ టీమోళ్లు. ఒకడు నవ్వినాడు. నవ్వుకు చెయ్యి అడ్డం పెట్టుకున్న చప్పుడు కూడా నాకు ముందు బెంచీ దాకా వినపడింది.

"ఈ ఇంట్లో ఆ మాట ఎవురూ అనగూడదని నేను చెప్పినానా లేదా?" అన్నాడాయన.

"చెప్పినావ్."

"ఎందుకు చెప్పినా?"

"పేరు పెడితే మనసులో పీట వేసుకొని కూర్చుంటాదని."

"అర్థమయ్యే చేసినావన్న మాట."

సామూ లేచి పళ్లెం తీసుకుపోయి కుక్కకు వేసినాడు. అది మా కుక్క కూడా కాదు.

మూడు వారాల కింద ఈడ్నే మా నంద్యాల గ్రౌండులో, అల్లగడ్డ టీము యాకోబు వేసిన బంతి నేల మీద పరిచిన మ్యాటు మీద పడి లేచి వాని కనుబొమ్మ చీల్చింది. ఆస్పత్రిలో కుట్లు వేసినారు. పది దినాలకు విప్పినారు. మానిందని అందరూ అన్నారు.

నాకు తెలుసు మానలేదని. ఒక దినం నేను పప్పుకు తిరగమాత వేస్తాంటే వాడు వంటింటి గడపలో నిలబడి ఏదో చెప్తాండాడు. ఆవాలు చిటచిటమన్నాయి. వాడు ముఖం పక్కకు తిప్పి కండ్లు మూసుకున్నాడు. ఆవగింజలకు. మల్లా ఏమీ కానట్టు మాట్లాడినాడు.

ఆ సాయంత్రం వాళ్ల నాయన బంతి వేస్తాంటే కిటికీలోంచి చూసినాను. బంతి చేతిలో ఉన్నంతసేపు బాగానే నిలబడతాడు. చేతిని వదిలిందో లేదో ముఖం తిరుగుతాది. ఆ మాట నేను ఆయనకు చెప్తే, పేరు పెట్టొద్దు, ఆడతా ఉంటే అదే పోతాది అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో భయం అనే మాట లేదు. పాము కనపడినా ఇంగో మాట వెతుక్కోవల్సిందే.

ఆయన చెప్పకుండా ఉండగలడు. నేనెట్ల ఉండేది? వచ్చే శనివారం అల్లగడ్డలో మల్లా ఆట ఉండాది. జిల్లా టీముకు పిల్లోళ్లను ఏరేదానికి కర్నూలు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వస్తారు. సామూకు పరీక్షలో వచ్చిన మార్కులకు ఏ కాలేజీ తలుపు తీయదు. జిల్లా టీములో ఉంటే మటుకు కర్నూలు కాలేజీలో చేర్చుకుంటామని ఒకాయన మాటిచ్చినాడు. కర్నూలు రాజధాని అయినాక ఆడ సీటంటే మాటలా? అదంతా వాడు కండ్లు తెరిచి నిలబడేదాని మీద ఉండాది. మనుషులకు చెప్పగూడదంటే దేవునికి చెప్పినాను.

సాయంత్రం పక్కింటి రంగనాయకమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏమమ్మా సువార్తమ్మా, మీ పిల్లోనికి కండ్లు కనపడవంట గదా?"

"ఎవురు చెప్పినారు?"

"పాలోడు చెప్పినాడు. మీ గుడిలో చదివినారంట గదా కాగితం. బనగానపల్లెలో మా వదినె ఉండాది, కండ్లకు పసరు పోస్తాది. మూడు పొద్దులు పోస్తే గువ్వ మాదిరి చూస్తాడు."

"కండ్లు బాగున్నాయక్కా."

"బాగుంటే ఎందుకు మూసుకుంటాడు?"

లోపల గదిలో సామూ తలుపు వేసుకున్నాడు. మెల్లగానే వేసినాడు. గట్టిగా వేసుంటే బాగుండేది.

* * *

బుధవారం సాయంత్రం పెరట్లో వాళ్ల నాయన పాత బంతికి సగం సున్నం పూసి ఎండబెట్టినాడు. ఆయన చెప్పే పాఠాల్లో ఇదొకటి. బంతి వచ్చేటప్పుడు సున్నం పక్క కనపడితే తెలుపు, లేకుంటే ఎరుపు అని కొట్టే ముందే చెప్పాల. చెప్పాలంటే చూడాల.

ఈ పాఠానికి బంతి వేసేది నేను. వాని ఎనిమిదో ఏటి నుంచీ నేనే. ఆయన పక్కన నిలబడి కండ్లు కనిపెట్టాల గనక నన్ను గడప ముందర నిలబెడతాడు. కొంగు దోపుకొని వేస్తాను.

"బంతి అయిపోయింది. పక్కకు జరుగు," అంటాండాడు ఆయన, తరగతిలో చెప్పినట్టు. "దూరంగా చూడు. ఆ పెంకుల అంచు చూడు. శనివారం గ్రౌండులోనైతే కొండ చూడు. ఊపిరి తీయి. పోయిన బంతిని ఆడ్నే వదిలేసి రా. మోసుకొని రావద్దు. వచ్చినావా? బ్యాటు రెండుసార్లు నేలకు తాకించు. ఇప్పుడు చెయ్యి చూడు. వేసేవాని ముఖం చూడొద్దు. ముఖంలో కోపముంటాది, ఎగతాళి ఉంటాది, మనకెందుకవి? చెయ్యొకటే చూడు."

నేను వేసినాను.

"ఎరుపు."

వేసినాను.

"తెలుపు."

ఆరు బంతులు. ఆరూ సరిగ్గా చెప్పినాడు, ఆరూ కొట్టినాడు. నా గుండె కుదుటబడతాంది. వాళ్ల నాయన కూడా చేతులు కట్టుకొని రోంత మెత్తబడినాడు. అప్పుడు సామూ బ్యాటు గోడకు ఆనించినాడు.

"ఇది లెక్కకు రాదు నాయనా."

"ఎందుకు రాదు?"

"ఆయమ్మ వేసే బంతి ఎప్పుడూ నాకు జానెడు పక్కనే పోతాది. పదేండ్లయింది, ఒక్కటన్నా నా మీదికి రాలే. కావాలంటే చూడు, గోడ మీద గుర్తులన్నీ ఒక్క పక్కనే ఉండాయి."

మేమిద్దరం గోడ చూసినాము. నిజమే. సున్నం మచ్చలన్నీ వాడు నిలబడే చోటికి జానెడు అవతల, చదరంగా ఒక్క చోట పడుండాయి. నేను అట్ల వేస్తాండానని నాకే తెలీదు. దేవుని తోడు, తెలీదు.

"నువ్వు వేయి నాయనా. నా మీదికి వేయి."

ఆయన వేసినాడు. మరీ గట్టిగా కాదు. వాని రొమ్ము మీదికి.

ముఖం తిరిగింది. బంతి బ్యాటుకు తగల్లేదు, భుజానికి తగిలింది.

"తెలుపు," అన్నాడు వాడు.

వాళ్ల నాయన వంగి బంతి తీసుకొని, లుంగీకి తుడిచి, "ఎరుపు," అన్నాడు.



* * *

గురువారం పోస్టుకార్డు వచ్చింది.

చూడంగానే అది ఎందుకొచ్చిందో నాకు తెలిసింది. చీటీ నేను రెండు రాసినాను. ఒకటి మా గుడి డబ్బాకు. ఇంగొకటి పోయిన వారమే అల్లగడ్డకు పోయే మనిషి చేతికిచ్చి మా చెల్లెలు లూదియాకు పంపినాను, రెండు సంఘాలు అడిగితే ఎక్కువ గదా అని. ఆదివారం గొడవలో అది చెప్పేదానికి నోరు రాలేదు. సోమవారం చెప్దామనుకున్నా. మంగళవారం చెప్దామనుకున్నా.

కార్డు వాళ్ల నాయన చేతికి పోయింది. ఆయన నిలబడే చదివినాడు, పైకి.

"అక్కకు లూదియా వందనములు. ఈడ అందరం క్షేమం. నీ చీటీ అందినది. శుక్రవారం మధ్యాన్నం మా ఇంట్లో ఆడోళ్ల కూటం ఉన్నది. అందులో చదివిస్తాను. దిగులుపడవద్దు. బాలమ్మ అనే ఆమె కన్నీళ్లతో ప్రార్థన చేస్తాది. ఆమె కొడుకు యాకోబు కూడా మన సామూ మాదిరే క్రికెట్టు ఆడతాడంట."

మా సామూను కొట్టిన బంతి ఎవరిదో లూదియాకు తెలీదు. నేను రాయలేదు.

సామూ గది గడపలో నిలబడుండాడు. నాలుగు దినాల తర్వాత నా ముఖం చూసి మాట్లాడినాడు.

"అల్లగడ్డకు కూడా పంపినావా."

"నాయనా సామూ, నాకు..."

"వాళ్ల కెప్టెను చెన్నకేశవులు ఎట్లాంటోడో తెల్సునా నీకు? నేను కండ్లు మూసుకుంటానని తెలిస్తే ప్రతి బంతీ ముఖానికే వేయమంటాడు. యాకోబు వాళ్లమ్మకే పంపినావు. తిన్నగా వాని ఇంటికే."

"నాకు తెల్దురా."

"నీకేం తెల్సు? ఈడ టీమోళ్లు నేను కనపడితే చాలు, 'కండ్లు మూసుకో సామ్యేలూ, ప్రార్థన చేద్దాం' అంటాండారు. ఇంగ ఆడ కూడా అంటారు." వాడు లోపలికి పోయి బ్యాటు గోనెసంచిలో చుట్టి, స్టూలెక్కి అటక మీదికి తోసినాడు. "నేను శనివారం పోను."

"సామూ," అన్నాడు వాళ్ల నాయన.

"పోను నాయనా. కొట్టించుకునేదానికైనా పోతా గానీ, నవ్వించుకునేదానికి పోను."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఎంతమంది పిల్లోళ్లకు చెప్పినాడో ఊపిరి తీయి, దూరం చూడు అని. తాను ఎక్కడ చూడాల్నో తెలీక చేతుల్లోని కార్డునే చూస్తాండాడు.

"నేను పోయి ఆపుతా," అన్నాను.

"ఏం ఆపుతావ్? ప్రార్థన ఆపుతావా?"

"ఆపుతా."

ఆయన నా వంక చూసినాడు. నవ్వినాడో, ఏడ్చినాడో తెలీలేదు.

* * *

శుక్రవారం పొద్దున బస్సెక్కినాను. చీటీ చదవకముందే లూదియా చేతిలోంచి లాక్కోవాల. అంతే పని. శిరివెళ్ల దాటినాక బస్సు టైరు పోయింది. జొన్నచేని గట్టు మీద గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నరలో నా మనసు పోని చోటు లేదు. సామూ కన్ను పోయినట్టు, ఒక్క కంటితో వాడు దారి తడుముకొని నడుస్తాన్నట్టు, వాడు ఇల్లు విడిచి పోయినట్టు, ఆ బాధతో వాళ్ల నాయన మంచం పట్టినట్టు. ఒకటి తర్వాత ఒకటి. నా ఆలోచనలకు ఎవరూ పాఠం చెప్పలేదు, పోయినదాన్ని ఆడ్నే వదిలిపెట్టి రమ్మని.

లూదియా ఇంటికి చేరేసరికి వాకిట్లో చెప్పులు వరసగా ఉండాయి. లోపల నుంచి ఒక గొంతు.

"ప్రభువా, ఈ బిడ్డ ఎవరో నాకు తెల్దు. నీకు తెల్సు. ఆ తల్లి కడుపు నీకు తెల్సు. ఆ పిల్లోని కండ్ల మీద నీ చెయ్యి పెట్టు తండ్రీ. బంతి వాన్ని తాకకుండా చూడు తండ్రీ."

పదీ పన్నెండు మంది ఆడోళ్లు మోకాళ్ల మీద ఉండారు. మధ్యలో ఒకామె, నా ఈడుదే, కొంగు తలమీద కప్పుకొని రొమ్ము కొట్టుకొని ఏడుస్తాంది. చీర మీద, జుట్టు మీద పత్తి నూగు. పత్తి గింజలు తీసే జిన్నులో పని మధ్యలో వచ్చినట్టుంది. ఆమె ముందర చాప మీద నా చీటీ.

ఆపేదానికి పోయినదాన్ని. గడప దగ్గర నేనూ మోకాళ్ల మీద పడినాను. ఆమె ఏడుస్తాంటే నాకూ ఏడుపొచ్చింది.

ఆమేన్ అన్నాక లూదియా నన్ను చూసి లేచొచ్చింది. "అక్కా, నువ్వే వచ్చినావా? ఈమేనమ్మా ఆ పిల్లోని తల్లి. అక్కా, ఈమె బాలమ్మ."

బాలమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ పిల్లోనికి ఎట్ల తగిలింది అక్కా?"

"మూడు వారాల కింద. నంద్యాలలో. మీ టీముతో ఆడినప్పుడు."

చేతులు వదల్లేదు గానీ, వాటిలో పట్టు పోయింది.

"కనుబొమ్మ మీదనా?" అంది.

"ఊ."

మిగతా ఆడోళ్లు వెళ్లిపోయినారు. బాలమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది, అది తన వంటిల్లే అయినట్టు. లూదియా పొయ్యి మీద కాఫీ పెట్టి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తా నిలబడింది.

"మా వానిదే ఆ బంతి," అంది బాలమ్మ.

"తెల్సు."

"తెల్సి కూడా చీటీ పంపినావా?"

"నీ ఇంటికి వస్తాదని తెల్దు."

బాలమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. పత్తి నూగు చెంపకు అంటుకుంది. "నేనొక మాట చెప్తా. ఎవరికీ చెప్పనని మాటిస్తావా?"

"చెప్పు."

"మాటియ్యి అక్కా. మా యాకోబుకూ శనివారమే. వాన్ని కూడా చూసేదానికే వస్తాండారు కర్నూలోళ్లు."

ఇచ్చినాను. పక్కన గూట్లో ఉండే లూదియా బైబిలు మీద నా చెయ్యి తనే పెట్టించుకుంది.

"ఆ పొద్దు నుంచి వాని చెయ్యి తిరగడం లే. గట్టిగా వేయాల్నని పరుగెత్తుతాడంట, వదిలేటప్పుడు మీ పిల్లోడు ముఖం పట్టుకొని కూలబడింది కనపడతాదంట. బంతి ఎక్కడికో పోతాది. అన్నం తినడు. అమ్మా, ఆ పిల్లోని కన్ను ఉండాదో పోయిందో ఎవురైనా చెప్తారేమో అడుగు అంటాడు. చెన్నకేశవులుకు భుజం నొప్పి అని అబద్ధం చెప్పినాడు. నిజం తెలిస్తే తీసేస్తారు."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టినాను. నా లోపల ఏదో ఒకటి తేలికైంది. చెప్పుకునేదానికి సిగ్గు, తేలికైంది. వాడు కూడా భయపడుతాండాడు. ఐతే వాడు గట్టిగా వేయలేడు.

"కన్ను ఉండాది," అన్నాను. "బాగుండాది."

"దేవునికి స్తోత్రం." ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది. "అక్కా, నేను మా వానితో చెప్తా. మీ పిల్లోనికి మెత్తగా వేయమని, పక్కకు వేయమని. నాకు మీ వాడూ ఒకటే, మా వాడూ ఒకటే. ఆ పిల్లోడు రెండు దెబ్బలు కొట్టుకుంటే మా వాని మనసుకూ నెమ్మది. మిగిలినోళ్లకు ఎట్ల వేస్తాడో వాని ఇష్టం. నేను చెప్తే ఇంటాడు వాడు."

వద్దు అనాల.

అట్లైతే సామూ కొట్టేవి వాడు కొట్టినట్టు కాదు. కర్నూలోళ్లు చూస్తాంటే యాకోబు మెత్తగా వేస్తే వాని బతుకేమవుతాది? అదంతా నాకు తెల్సు. ఆరో తరగతి చదివినదానికి కూడా తెలుస్తాది.

వద్దు అనే మాట నాలుక మీదికి వచ్చింది. నాలుక మీదనే ఉండాది. నాకు గోడ మీద సున్నం మచ్చలు కనపడినాయి, జానెడు పక్కన, ఒక్క చోట.

బాలమ్మ నా ముఖం చూస్తాంది. నేను తల కిందికి వేసుకున్నాను.

"సరేలే అక్కా," అంది ఆమె. నా చెయ్యి ఒకసారి ఒత్తి, మల్లా జిన్నుకు పోవాల్నని లేచి వెళ్లింది.

లూదియా పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "అక్కా, ఆమె అడిగిందానికి నువ్వేం చెప్పినావ్?"

"ఏం చెప్పలే."

"అదే," అంది లూదియా.

* * *

దీపాలు పెట్టే వేళకు నంద్యాల చేరినాను. మా సందు మలుపు తిరగంగానే చప్పుడు వినపడింది. బ్యాటుకు బంతి తగిలే చప్పుడు.

పరుగెత్తినాను.

పెరట్లో గోనెసంచి నేల మీద పడుండాది. సామూ చొక్కా విప్పి నిలబడుండాడు. మోచేతి మీద ఒకటి, భుజం మీద రెండు, రొమ్ము మీద ఒకటి, కమిలిన మచ్చలు. వాళ్ల నాయన ఆ మూల నుంచి పరుగెత్తుకొచ్చి వేస్తాండాడు, యాభై ఏండ్ల మనిషి, రొప్పుతా.

"తెలుపు," అన్నాడు సామూ. టక్కుమంది.

"ఎరుపు." టక్కుమంది.

ఎరుపన్నది వాని రొమ్ము మీదికి వచ్చింది. ముఖం తిరగలేదు. కండ్లు మూతపడలేదు. నేను చూసినాను.

"మా," అన్నాడు వాడు నన్ను చూసి. ఆయమ్మ కాదు. "వచ్చినావా? ఆపినావా ఆడ?"

"లేదురా. నేను పోయేసరికే చదివేసినారు."

"పోనీలే."

నాకు అర్థం కాలేదు. వాడు దగ్గరికొచ్చి చెమట తుడుచుకుంటా చెప్పినాడు.

"పొద్దున టీమోళ్లు వచ్చినారు. 'కండ్లు మూసుకో సామ్యేలూ, ప్రార్థన చేద్దాం' అన్నారు. నాకేమనిపించిందో, అవునప్పా, మూసుకుంటాండా, నాకు భయమైతాంది, ఏం చేయమంటావ్ అన్నా. అంతే మా. వాళ్లకు ఇంగ అనేదానికి ఏం లేకపోయె. ఒకడు కూర్చొని, నాకూ అయితాదిలేరా అన్నాడు."

వాళ్ల నాయన రాయి మీద కూర్చొని నీళ్లు తాగుతాండాడు.

"ఇన్ని దినాలు సగం మనసు అది ఎవురికీ తెలీకుండా దాచేదానికే పోతాండె. బంతికి మిగిలింది సగమే. ఇప్పుడు దాచేది ఏముంది? నువ్వే అందరికీ చెప్పేస్తివి." నవ్వినాడు. మూడు వారాల తర్వాత వాని పళ్లు చూసినాను. "తిట్టినా గానీ, మంచి పనే చేసినావు మా."

నేను వసారా స్తంభం పట్టుకున్నాను.

"ఆడ యాకోబు ఎట్లుండాడంట? విన్నావా ఏమన్నా?"

"నేను... ఆడోళ్ల కూటానికి గదా పోయింది."

"వాడు గట్టిగా వేయాల మా. అదే బంతి వేయాల నాకు, ఆ పొద్దు వేసిందే. దానికి నిలబడితే నేను బాగైనట్టు. కర్నూలోళ్లు తీసుకుంటారో లేదో తర్వాత. మెత్తగా వేస్తే మటుకు నాకు ఎప్పటికీ తెలీదు, బాగైనానో లేదో."

"వాడెందుకు మెత్తగా వేస్తాడు?" అన్నాడు వాళ్ల నాయన నీళ్ల చెంబు దించుతా.

టీము పోయేది తెల్లారి మొదటి బస్సులో. ఈ పొద్దుకు అల్లగడ్డకు ఇంగ బస్సు లేదు. బాలమ్మ ఈపాటికి జిన్ను నుంచి ఇంటికి పోయుంటాది. కొడుకు ముందర అన్నం పెట్టి చెప్తా ఉంటాది. బైబిలు మీద పెట్టిన చెయ్యి నాది. చెప్తే ఆ పిల్లోని బతుకు పోతాది. చెప్పకుంటే నా పిల్లోనిది.

"మా, నువ్వొకటి వేయి," అన్నాడు సామూ. "ఇది చివరిది. ఈసారి నా మీదికి వేయాల. పక్కకు వేస్తే ఒప్పుకోను."

బంతి తెచ్చి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసినాడు. సున్నం నా చేతికి అంటింది. పోయి తన చోట నిలబడినాడు. పెంకుల అంచు చూసినాడు. ఊపిరి తీసినాడు. బ్యాటు రెండుసార్లు నేలకు తాకించినాడు.

తర్వాత నా చేతి వంక చూసినాడు. వాళ్ల నాయన నేర్పినట్టే, చేతి వంకే, కండ్లు రెప్పవాల్చకుండా.

ఒక్కసారి తలెత్తి నా ముఖం చూసుంటే వానికి అంతా తెలిసిపోయేది. చూడలేదు.

"వేయి మా," అన్నాడు.